మన పిల్లలకు కంప్యూటర్ చెప్పే టీచర్ మనలోంచే రావాలి

(సంఘం వార్షిక సభలో డీఎల్ఎడ్, బీఎడ్, డిగ్రీ చదువుతున్న గిరిజన యువతను ఉద్దేశించి ఒక గిరిజన బాలికల వసతి గృహ వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం వారు మమ్మల్ని కంప్యూటర్ విద్య గురించి మాట్లాడమన్నారు. కంప్యూటర్ నేర్చుకోండి అని చెప్పేవాళ్లు మీకు చాలామంది దొరుకుతారు. మేము ఒక్క మాటే చెప్పాలని వచ్చాం. మీలో టీచర్ ట్రైనింగ్‌లో ఉన్నవాళ్లు, రేపు చేరాలనుకునేవాళ్లు కంప్యూటర్‌ను ఇంకొకరికి చెప్పడం కోసం నేర్చుకోండి. సొంతంగా వాడుకోవడానికి నేర్చుకోవడం వేరు, నలుగురికి చెప్పడానికి నేర్చుకోవడం వేరు. బండి నడపడం వచ్చినవాళ్లంతా మెకానిక్కులు కారు కదా! మన కాలనీలకు, తండాలకు ఇప్పుడు కావాల్సింది ఆ రెండో రకం మనిషి.

ఎందుకంటారా? మా హాస్టల్లో జరిగిన సంగతి ఒకటి చెబుతాం. ఇంటర్ మంచి మార్కులతో పాసైన అమ్మాయి, కౌన్సెలింగ్ కోసం ఒక నెట్ సెంటర్‌లో దరఖాస్తు పెట్టించుకుంది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ నాయన దగ్గర ఉంది, ఆయన చెరుకు కొట్టే పనికి పోయి ఉన్నాడు. సెంటర్ ఆయన తన నంబరే ఎక్కించాడు. ఆప్షన్లు మార్చుకునే రోజు ఓటీపీ ఆయన ఫోన్‌కు వెళ్లింది. ఆ రోజు ఆయన ఊళ్లో లేడు, షాపుకు తాళం. సాయంత్రానికి గడువు అయిపోయింది. ఆ అమ్మాయికి తాను కోరుకున్న కాలేజీ రాలేదు, ఇంటికి దూరంగా ఇంకోచోట చేరాల్సి వచ్చింది. చదువులో లోటు లేదు, మార్కుల్లో లోటు లేదు. దరఖాస్తులో ఏ నంబరు ఇవ్వాలి, అది ఎందుకు అంత ముఖ్యం అని చెప్పే మనిషి ఆ కాలనీలో లేడు, అంతే.

ఇది ఒక్క అమ్మాయి కథ కాదని మీకు తెలుసు. కులం సర్టిఫికెట్, స్కాలర్‌షిప్, రేషన్, పింఛను, భూమి పాస్‌బుక్, అన్నీ తెర మీదికి వచ్చేశాయి. చివరికి టీచర్ కావాలన్నా కంప్యూటర్ ముందు కూర్చోవాల్సిందే. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు పరీక్షలన్నీ కంప్యూటర్ మీదే పెట్టారు. జవాబు తెలిసి కూడా మౌస్ పట్టుకోవడానికి చెయ్యి వణికితే ఆ నష్టం ఎవరిది?

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మన పెద్దలకు సాంకేతిక విద్య ఏ రూపంలో పరిచయమైందో ఒకసారి గుర్తు చేసుకుందాం. 1871లో ఆంగ్లేయులు నేరస్త జాతుల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మార్చి రాశాక అది మన మద్రాసు ప్రాంతానికీ వచ్చింది. పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసి, ఎరుకల వంటి జాతుల వాళ్ల పేర్లు రిజిస్టర్‌లో రాసుకున్నారు. వాళ్ల వేలిముద్రలు తీసుకునే అధికారాన్ని ఆ చట్టం ఇచ్చింది. 1952 దాకా ఆ చట్టం దేశమంతటా పూర్తిగా పోలేదు. అంటే మన తాతల వేలు మొదట ఆనింది పోలీసు సిరా మీద. ఈ రోజు అవ్వల వేలు రేషన్ మిషన్ మీద ఆనుతోంది. పనికి అరిగిపోయిన వేలిని మిషన్ ఒక్కోసారి గుర్తుపట్టదు. అవ్వ మూడుసార్లు తుడుచుకుని మళ్లీ పెడుతుంది, ‘నా ఏలు చచ్చిపోయినాదా నాయనా’ అని అడుగుతుంది. సిరాకైనా, మిషన్‌కైనా మన వేలు ఇవ్వడమే జరిగింది. ఆ మిషన్ ఏం చేస్తోంది, ముద్ర పడకపోతే ఇంకే దారి ఉంది అని అవ్వకు విడమరిచి చెప్పే మనవడో మనవరాలో ఉంటే ఆమె అలా బెదిరిపోదు.

ఇంకో సంగతి. మన తిరుపతి జిల్లాలోనే శ్రీహరికోట ఉంది. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడ్డాక సూళ్లూరుపేటతో పాటు మన జిల్లాలోకి వచ్చింది. పులికాట్ సరస్సుకు, సముద్రానికి మధ్య ఉన్న ఆ దీవిలో తరతరాలుగా యానాదులు బతికారు. ఏ చెట్టు వేరు దేనికి మందో, తేనె ఎక్కడ దొరుకుతుందో వాళ్లకు తెలుసు. 1969లో ఆ దీవిని రాకెట్ కేంద్రం కోసం ఎంచుకున్నారు. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి చిన్న రాకెట్ పైకి లేచింది. కేంద్రం వచ్చాక మనవాళ్ల బతుకు, తావు మారిపోయాయి.

అదే దీవి నుంచి 2004 సెప్టెంబరు 20న ఎడ్యుశాట్ అనే ఉపగ్రహాన్ని పంపారు. మన దేశంలో కేవలం చదువు కోసం పంపిన మొదటి ఉపగ్రహం అది. దానికంటే ముందు, 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా, అమెరికా ఉపగ్రహాన్ని అరువు తీసుకుని ‘సైట్’ అనే ప్రయోగం చేశారు. ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెల్లో టీవీలు పెట్టి పాఠాలు చూపించారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ ప్రయోగంలో పల్లె పిల్లలతో పాటు వేలమంది టీచర్లకు కూడా ఆకాశం నుంచే శిక్షణ ఇచ్చారు. 2020లో కరోనా వచ్చి హాస్టళ్లు మూసేసినప్పుడు దూరదర్శన్ సప్తగిరిలో ‘విద్యామృతం’ పేరుతో పదో తరగతి పాఠాలు వచ్చాయి. మా పిల్లల్లో టీవీ ఉన్నవాళ్లు విన్నారు, లేనివాళ్లు వినలేదు. విన్నవాళ్లలో కూడా పక్కన కూర్చుని ‘ఇక్కడ అర్థమైందా పాపా’ అని అడిగే మనిషి ఉన్నవాళ్లకే అది పాఠమైంది.

యాభై ఏళ్ల ఈ కథలో మాకు కనిపించేది ఇదే. ఉపగ్రహం పైకి పోయింది, టీవీ వచ్చింది, ట్యాబ్ వచ్చింది, బడి గోడకు పెద్ద టచ్ ప్యానెల్ వచ్చింది. సామాను ఎప్పటికప్పుడు వస్తూనే ఉంది. దాన్ని మన పిల్లల మాటలో విప్పి చెప్పే టీచర్ మాత్రం ఆ స్పీడులో రాలేదు.

ఇప్పుడు ట్రైనింగ్ సంగతి. మన దగ్గర అవకాశాలు తక్కువేం లేవు. కార్వేటినగరంలో డైట్ ఉంది. తిరుపతిలో 1954 నుంచి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983 నుంచి శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం ఉన్నాయి. 2014లో ఎన్‌సీటీఈ నిబంధనలు మారి బీఎడ్ రెండేళ్లయింది. అప్పుడు ఇచ్చిన పాఠ్య ప్రణాళికలో ఐసీటీకి ప్రత్యేకంగా ఒక కోర్సు పెట్టారు. దాని పేరును తెలుగులో చెప్పుకుంటే ‘ఐసీటీని విమర్శనాత్మకంగా అర్థం చేసుకోవడం’. ఆ పేరులో ‘విమర్శనాత్మకంగా’ అనే మాటను గట్టిగా పట్టుకోండి. ఇది ఎలా పనిచేస్తుంది, ఎవరికి మేలు, ఎవరికి కీడు, నా తరగతిలో ఇది అవసరమా అని అడగమని దాని అర్థం.

మరి మనం ఏం చేస్తున్నాం? సీనియర్ రికార్డు తెచ్చి కాపీ చేస్తున్నాం. నెట్ సెంటర్‌లో ఎవరో చేసిన పీపీటీని ప్రింటు తీయించి, స్పైరల్ బైండింగ్ చేయించి, సంతకం పెట్టించుకుంటున్నాం. మార్కులు వస్తాయి, కాదనం. కానీ రేపు తరగతిలో ఎనిమిదో తరగతి పిల్లోడు లేచి ‘మేడం, కంప్యూటర్‌కు అన్నీ సున్నా, ఒకటేనంట కదా, మరి బొమ్మ ఎట్లా కనపడతాది?’ అని అడిగితే, ఆ స్పైరల్ బైండింగ్‌లో జవాబు ఉండదు.

అందుకే మేము ఆదివారాల్లో మా హాస్టల్లో ఒక చిన్న పని మొదలుపెట్టాం. మా దగ్గర చదివి ఇప్పుడు డీఎల్ఎడ్, బీఎడ్‌లో ఉన్న అమ్మాయిలు వచ్చి చిన్న పిల్లలకు పాఠం చెబుతారు. షరతు ఒకటే. మొదటి అరగంట కంప్యూటర్ ఆన్ చేయకూడదు. న్యూజిలాండ్‌లో కొందరు ప్రొఫెసర్లు కంప్యూటర్ లేకుండానే కంప్యూటర్ శాస్త్రం చెప్పే పద్ధతిని తయారు చేసి ప్రపంచానికి ఇచ్చారు. మా హాస్టల్లో ఉన్న సిస్టమ్‌లు తక్కువ, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. ఆ పద్ధతి మాకు బాగా అతికింది. కొన్ని పాఠాలు ఇక్కడే చెబుతాం, మీరు ఇంటికి పోయి మీ తమ్ముళ్ల మీద ప్రయోగించి చూడండి.

మొదటి పాఠం ట్రంకు పెట్టె. హాస్టల్ పిల్లలకు అందరికీ పెట్టె ఉంటుంది. చదువుకునేటప్పుడు పెట్టెలోంచి కావాల్సిన పుస్తకాలు తీసి ముందు పెట్టుకుంటారు, గంట కొట్టగానే మళ్లీ పెట్టెలో పెడతారు. పెట్టె కంప్యూటర్‌లోని స్టోరేజ్. ముందు పరుచుకున్న జాగా ర్యామ్. జాగా చిన్నదైతే పుస్తకాలు ఒకదాని మీద ఒకటి పడతాయి, వెతుక్కోవడానికి ఆలస్యమవుతుంది. ఎక్కువ యాప్‌లు తెరిస్తే ఫోన్ నత్తలా ఎందుకు నడుస్తుందో పిల్లలే చెప్పేస్తారు. కరెంటు పోతే సేవ్ చేయని పని ఎందుకు పోతుందో కూడా వాళ్లే చెబుతారు, ‘పెట్టెలో పెట్టలేదు కదా మేడం’ అని. ఇక పాస్‌వర్డ్ అంటే ఆ పెట్టె తాళం చెవి. తాళం చెవి నెట్ సెంటర్‌లో ఇచ్చి వస్తామా? ఈ ఒక్క పోలికతో ఓటీపీ పాఠం కూడా అయిపోతుంది.

రెండో పాఠం సున్నా, ఒకటి. ఐదుగురు పిల్లల్ని వరుసగా కూర్చోబెట్టండి. వాళ్ల చేతికి ఎడమ నుంచి 16, 8, 4, 2, 1 అని రాసిన అట్టలు ఇవ్వండి. నిలబడితే లెక్కలోకి వస్తారు, కూర్చుంటే రారు. పదమూడు కావాలంటే ఎవరు లేవాలి? 8, 4, 1 ఉన్నవాళ్లు. నిలబడినవాళ్లకు ఒకటి, కూర్చున్నవాళ్లకు సున్నా రాస్తే 01101 వస్తుంది. ఐదుగురితో సున్నా నుంచి 31 దాకా ఏ సంఖ్యనైనా చూపించవచ్చు. బొమ్మ కూడా అంతే. బొమ్మను సన్నని గళ్లుగా కోసి, ఒక్కో గడి రంగుకు ఒక్కో సంఖ్య ఇస్తారు. మన సుగాలి అవ్వలు గుడ్డ మీద పోగులు లెక్కపెట్టుకుని కుట్టే కుట్టును చూపిస్తే పిల్లలకు ఇది వెంటనే ఎక్కుతుంది. దూరం నుంచి పువ్వు, దగ్గర నుంచి లెక్క.

మూడోది బుట్ట పాఠం. ఎరుకల ఇంట్లో పుట్టినవాళ్లకు ఇది చెప్పాల్సిన పని లేదు. ఒకే బద్దతో బుట్ట చుట్టూ ఒకటి పైన, ఒకటి కింద అల్లుకుంటూ పోవాలంటే నిలువు బద్దలు బేసి సంఖ్యలో ఉండాలి. సరి సంఖ్యలో ఉంటే రెండో చుట్టులో కూడా అదే బద్ద మీదుగా పోతుంది, అల్లిక పట్టు పట్టదు. సరి, బేసి తేడాతో పని నిలబడేదీ లేనిదీ అవ్వకు ముందే తెలుస్తుంది. కంప్యూటర్లు ఒకదానికొకటి కబురు పంపుకునేటప్పుడు కూడా ఇదే తెలివి వాడతాయి. పంపే వరుసలో ఒకట్ల లెక్క ఎప్పుడూ సరి సంఖ్య ఉండేలా చివర ఒక బిట్ కలుపుతారు. దారిలో ఒక్క బిట్ తారుమారైతే లెక్క బేసి అవుతుంది, అందుకున్న యంత్రం తప్పు పట్టుకుంటుంది. దీన్ని ప్యారిటీ అంటారు. రెండు బిట్లు ఒకేసారి తారుమారైతే మాత్రం ఇది పట్టుకోలేదు, దానికి ఇంకా పెద్ద పద్ధతులున్నాయి. ‘మా అవ్వకు వచ్చిందే కంప్యూటర్‌కూ వచ్చింది’ అని ఒక పాప అన్న రోజు మేమంతా చప్పట్లు కొట్టాం. ఆ పాప ఇక కంప్యూటర్‌ను చూసి బెదరదు.

నాలుగోది కబురు పాఠం, అంటే కమ్యూనికేషన్. ఒక ఎస్సెమ్మెస్‌లో 140 బైట్లు పడతాయి. ఒక బైటుకు ఎనిమిది బిట్లు, మొత్తం 1,120 బిట్లు. ఇంగ్లిషు అక్షరానికి ఏడు బిట్లు చాలు కాబట్టి 160 అక్షరాలు పడతాయి. తెలుగుకు 16 బిట్లు కావాలి కాబట్టి 70 మాత్రమే. ‘యానాది’ అని రాస్తే మన కంటికి మూడు అక్షరాలు. యంత్రానికి య, ఆ గుణింతం, న, ఆ గుణింతం, ద, గుడి కలిపి ఆరు. తెలుగు మెసేజ్ త్వరగా ఎందుకు నిండిపోతుందో ఈ లెక్కతో తేలిపోతుంది. ఇది చెప్పడానికి నల్లబల్ల, సుద్దముక్క చాలు. ఉపగ్రహం పాఠం కూడా అంతే. భూస్థిర ఉపగ్రహం భూమికి దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. కబురు పైకి పోయి కిందికి రావడానికి 72 వేల కిలోమీటర్లు. సెకనుకు మూడు లక్షల కిలోమీటర్ల వేగంతో పోయినా దాదాపు పావు సెకను పడుతుంది. ఉపగ్రహం మీదుగా మాట్లాడేటప్పుడు జవాబు కొంచెం ఆగి ఎందుకు వస్తుందో ఏడో తరగతి పిల్లలే లెక్క కట్టి చెబుతారు.

ఇక ఐదోది మన భాష. డీటీపీ సెంటర్లలో అను లాంటి ఫాంట్లలో కొట్టిన తెలుగు మన ఫోన్‌లో తెరిస్తే పిచ్చి గీతలుగా కనపడటం మీరంతా చూసే ఉంటారు. ఆ ఫాంట్లు ఇంగ్లిషు అక్షరాల నంబర్లకే తెలుగు బొమ్మలు తగిలించాయి. ఆ ఫాంట్ లేని చోట బొమ్మ పోయి అసలు నంబరు బయటపడుతుంది. యూనికోడ్ అలా కాదు. 1991లో వచ్చిన మొదటి కూర్పులోనే తెలుగుకు సొంతంగా 128 గళ్లు కేటాయించింది. యూనికోడ్‌లో రాసింది చిత్తూరులో తెరిచినా, చికాగోలో తెరిచినా ఒకటే. అప్లికేషన్ గానీ, సంఘం తీర్మానం గానీ, ఈ సంచిక గానీ యూనికోడ్‌లో ఉంటేనే పదేళ్ల తర్వాత వెతికితే దొరుకుతుంది. సుగాలి మాటకు, ఎరుకల మాటకు సొంత లిపి లేకపోయినా తెలుగు లిపిలో రాసి పెట్టుకోవచ్చు. అవ్వ చెప్పే కథను ఫోన్‌లో రికార్డు చేసి, పక్కనే ఆ మాటలు యూనికోడ్‌లో కొట్టి పెట్టండి. మీ బీఎడ్ ప్రాజెక్టు అదే కావచ్చు. దాన్ని చేయడానికి బయటివాళ్ల కంటే మీకు ఎక్కువ అర్హత ఉంది.

ఈ పాఠాలన్నీ ఎందుకు చెప్పామంటే, యునెస్కో వాళ్లు టీచర్ల ఐసీటీ సామర్థ్యాలకు ఒక చట్రం రాశారు. 2018లో దాని మూడో కూర్పు వచ్చింది. అందులో మూడు మెట్లున్నాయి. జ్ఞానం సంపాదించడం, దాన్ని లోతు చేసుకోవడం, కొత్త జ్ఞానం సృష్టించడం. మనలో చాలామంది మొదటి మెట్టు మీదే సర్టిఫికెట్ తీసుకుని దిగిపోతున్నాం. బుట్ట నుంచి ప్యారిటీ చెప్పగలిగిన రోజు, అవ్వ కథను అక్షరంలో పెట్టిన రోజు మీరు మూడో మెట్టు మీద ఉన్నట్టు.

కంప్యూటర్ చెప్పే టీచర్‌కు ఇంకో బాధ్యత ఉంది, కాపలా. మన కాలనీల్లో ఫోన్ కొత్తగా చేతికొచ్చినవాళ్లే ఎక్కువ. లోన్ యాప్ అని, లాటరీ అని, పింఛను ఆగిపోతుందని ఫోన్ చేసి ఖాతా ఖాళీ చేసేవాళ్లకు ముందుగా దొరికేది వాళ్లే. నష్టం జరిగితే వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలని ప్రతి ఇంటి తలుపు మీద రాసి పెట్టించండి. ఆలస్యమైన కొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది. బ్యాంకు వాళ్లు ఓటీపీ అడగరని అవ్వకు పదిసార్లు చెప్పండి. విసుక్కోకండి. మీకు అక్షరాలు నేర్పేటప్పుడు ఎవరో ఒక టీచరమ్మ విసుక్కోకుండా చెప్పి ఉంటుంది.

ఉద్యోగం సంగతి కూడా అడుగుతారని తెలుసు. ఏకలవ్య గురుకులాల నియామకాల్లో కంప్యూటర్ సైన్స్ పీజీటీ పోస్టులు ఉంటున్నాయి. మన జిల్లాలోనే ఓజిలిలో, బుచ్చినాయుడు కండ్రిగలో ఏకలవ్య పాఠశాలలు ఉన్నాయి. డిగ్రీలో ఉన్నవాళ్లు ఆ పోస్టుకు ఏ డిగ్రీ, ఏ పీజీ కావాలో గత నోటిఫికేషన్ ఇప్పుడే తీసి చూడండి. చివరి సంవత్సరంలో చూస్తే సబ్జెక్టు మార్చుకునే వీలుండదు. స్వయం, దీక్ష వేదికల్లో ఉచితంగా పాఠాలు ఉన్నాయి. ఫోన్‌లో రీల్స్ చూసే గంటలో పది నిమిషాలు అటు మళ్లించండి, మేము అంతకు మించి అడగం.

2011 జనగణన ప్రకారం దేశంలో గిరిజనుల అక్షరాస్యత 59 శాతం. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 49 శాతం. మన పెద్దల్లో సగం మందికి బడే అందలేదు. ఇప్పుడు మీరు నేర్చుకునే ప్రతి మాటా ఇద్దరికి చేరాలి, మీ తర్వాత వచ్చే తమ్ముడికి, మీకు ముందు బడి దాటి పోయిన అమ్మకు.

కాబట్టి ఈ సభ నుంచి ఇంటికి పోయేటప్పుడు మూడు పనులు పెట్టుకుని పోండి. ఇంట్లో అందరి దరఖాస్తులకూ ఏ ఫోన్ నంబరు ఇచ్చారో ఒక నోటు పుస్తకంలో రాయండి, బయటివాళ్లది ఉంటే మార్పించండి. ఈ నెలలో ఒక పాఠం, కంప్యూటర్ లేకుండా, మీ వీధిలో ఐదుగురు పిల్లలకు చెప్పండి. ట్రైనింగ్‌లో ఉన్నవాళ్లు ఐసీటీ రికార్డులో ఒక్క పాఠమైనా మీ ఇంటి పనిముట్టుతో, మీ ఇంటి మాటతో సొంతంగా రాయండి.

ఆదివారం పొద్దున పది గంటలకు మా హాస్టల్ గేటు తెరిచే ఉంటుంది. పాఠం చెప్పాలనుకునే అమ్మాయిలు నేరుగా రావచ్చు. అబ్బాయిల హాస్టళ్లలో కూడా ఇలాంటిది పెట్టాలని సంఘం పెద్దలను కోరుతున్నాం, పాఠాల కాగితాలు మేము ఇస్తాం. పిల్లలు ఎదురుచూస్తున్నారు. వచ్చేటప్పుడు అట్టముక్కలు, ఒక బుట్ట తీసుకురండి.

సెలవు. జై ఆదివాసీ.